పొరుగు భాషలో పాట



నేను చెప్పబోయే సంగతి కొరియాలో మొదలై మా కోనసీమ లంకల దాకా వస్తుంది. కొంత దూరం నడవాలి. ఓపికగా వినండి.

దక్షిణ కొరియాలో జనం ఫోన్లలో పాటలు వినడానికి వాడుకునే సేవల్లో మెలన్ బాగా పేరున్నది. ఏ పాటను ఎక్కువమంది వింటున్నారో లెక్కగట్టి అది ఎప్పటికప్పుడు వంద పాటల పట్టీ వేస్తూ ఉంటుంది. 2023లో ఆ పట్టీలోకి ఇమాసే అనే జపాన్ కుర్రవాడి పాట ఎక్కింది. పేరు నైట్ డాన్సర్. దాన్నెవరూ కొరియా భాషలోకి మార్చలేదు. అతను జపాన్ భాషలో ఎలా పాడాడో అలాగే విన్నారు, అలాగే పాడుకున్నారు. అదే ఏడాది యొయసోబి అనే జపాన్ జంట సియోల్ వచ్చి కచేరీ చేసింది. మరుసటి ఏడాది డిసెంబరులో ఫుజీ కాజె అనే గాయకుడు సియోల్‌లోని గోచోక్ స్కై డోమ్‌లో పాడాడు. బేస్‌బాల్ ఆటల కోసం కట్టిన పెద్ద మందిరం అది. అంత చోటు నిండాలంటే ఎంతమంది రావాలో ఊహించుకోండి.

ఒక దేశం పాట పక్క దేశంలో వినబడితే అందులో విశేషం ఏముందని మీరు అడగవచ్చు. ఆ రెండు దేశాల మధ్య ఉన్న పాత గాయం తెలిస్తే ఆ మాట అడగరు. 1910 నుంచి 1945 దాకా కొరియాను జపాన్ ఏలింది. ఆ ఏలుబడి చివరి ఏళ్ళలో బడుల్లో కొరియా భాష చెప్పడం మాన్పించారు. ఇంటిపేర్లు జపాన్ పద్ధతిలోకి మార్చుకోమన్నారు. గనుల్లోకీ ఫ్యాక్టరీల్లోకీ మనుషుల్ని తోలుకుపోయారు. ఆడపిల్లలను సైన్యం కోసం చెరబట్టారు. స్వతంత్రం వచ్చాక జపాన్ పాట, జపాన్ సినిమా తమ గడ్డ మీద వినబడకూడదు, కనబడకూడదు అని కొరియా కట్టడి చేసింది. ఆ కట్టడి వెనుక కోపం ఉంది. ఆ కోపంలో న్యాయం ఉంది. దూరాన కూర్చున్న మనం దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు.

ఆ కట్టడి ఎంత దూరం పోయిందో ఒక్క ఉదాహరణ చెబుతాను. 1964లో ఇ మిజా అనే కొరియా గాయని పాడిన పాట ఒకటి దేశమంతా మారుమోగింది. భాష కొరియా భాషే, పాడింది కొరియా అమ్మాయే. కానీ బాణీలో జపాన్ ఛాయ కనిపిస్తోందన్నారు. 1965లో ఆ పాటను రేడియోల్లో ఆపేశారు. దానికి మళ్ళీ అనుమతి దొరికేసరికి 1987 వచ్చింది. సొంత బిడ్డ ముఖంలో పగవాడి పోలిక వెతికి గడప బయట నిలబెట్టడమే అది. ఆ గాయని గొంతును ఇరవై ఏళ్ళకు పైగా ఆ పాటలో వినకుండా ఒక తరం పెరిగింది. కోపంలో న్యాయం ఉందన్నాను కదా. ఆ న్యాయం పాట మీదికి వచ్చేసరికి దారి తప్పిందని కూడా చెప్పాలి.

ఇంతా చేస్తే చెవి ఆగిందా? ఆగలేదు. కొరియా దక్షిణపు కొసన ఉన్న బుసాన్ రేవు నుంచి జపాన్ ఎంతో దూరం లేదు. అక్కడి రేడియో, టీవీ ప్రసారాలు సముద్రం మీదుగా ఇటు తేలి వచ్చేవి. ఇషిదా అయుమి అనే జపాన్ గాయని 1968లో యోకొహామా నగరం మీద పాడిన పాట, నిషేధం ఉన్న రోజుల్లోనే, కొరియాలో నోటినోటా ఆడింది. దొంగచాటు క్యాసెట్లు అంగళ్ళలో అమ్ముడయ్యేవి.

మన దేశంలోనూ ఇలాంటిది జరిగింది. పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 1952లో బి.వి. కేస్కర్ గారు సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యాక, శాస్త్రీయ సంగీతాన్ని పెంచాలన్న సదుద్దేశంతోనే, ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు మాన్పించారు. మన శ్రోతలు రేడియో ముల్లును సిలోన్ వైపు తిప్పుకున్నారు. అమీన్ సయానీ గారి బినాకా గీత్‌మాలా అక్కడి నుంచే వచ్చింది. తెలుగు పాటలూ సిలోన్ నుంచి వచ్చేవి. వాటిని పరిచయం చేసిన మీనాక్షి పొన్నుదురై గారి గొంతును తలుచుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పేరు వింటేనే తమిళం అని తెలిసే ఒక ఆమె, సముద్రం అవతల కూర్చుని, మన తెలుగు పాటలను మనకే వినిపించింది. 1957 అక్టోబరులో వివిధభారతి మొదలయ్యాక గాని ఆ చెవులు ఇంటికి తిరిగి రాలేదు.

కొరియా కథ మిగిలింది చెప్పేస్తాను. 1998 అక్టోబరులో అధ్యక్షుడు కిమ్ డే జుంగ్ జపాన్ వెళ్ళి వచ్చాక తలుపులు కొద్దికొద్దిగా తెరిచారు. ముందు కొన్ని సినిమాలు, బొమ్మల కథల పుస్తకాలు. తర్వాత కచేరీలు. జపాన్ భాషలో పాడిన పాటల సీడీలు అమ్ముకోవచ్చని 2004 జనవరిలో ఒప్పుకున్నారు. అంటే బాగా చివరి దాకా ఆపి ఉంచినవాటిలో పాట ఒకటి, అందులోనూ ఆ భాషలోని పాట! సినిమాను కళ్ళు చూస్తాయి. పాటనైతే నోరు పలుకుతుంది. పగవాడి భాష సొంత పిల్లల నోట పలకడాన్ని వాళ్ళు అన్నిటికన్నా కష్టంగా భరించారు. నాకు అర్థమైనంతలో అందుకే పాటకు అంత ఆలస్యమైంది.

తలుపు తెరిచాక కూడా జనం పరుగెత్తి పోలేదు. 2019లో పాత పరిహారాల తగువు మళ్ళీ రాజుకుంటే, కొరియా జనం జపాన్ సరుకులు కొనబోమని బట్టల దగ్గర నుంచి బీరు దాకా మానేశారు. నాలుగేళ్ళు తిరిగేసరికి అదే దేశంలో జపాన్ పాట పట్టీలకెక్కింది. 2023లో జపాన్ బొమ్మల సినిమాలు రెండు, స్లామ్ డంక్ ఒకటి, సుజుమె ఒకటి, కొరియాలో ఒక్కొక్కటీ 40 లక్షలకు మించిన ప్రేక్షకులను రప్పించాయి. వాటి వెంట పాటలూ వచ్చాయి. ఫోన్లలో తిరిగే చిన్న చిన్న వీడియోలు మరికొన్నింటిని తెచ్చాయి. 2024లో ఒక కొరియా టీవీ చానల్ రెండు దేశాల గాయనులకు పోటీ పెట్టి, జపాన్ పాటలను జపాన్ భాషలోనే వినిపించింది. గాయం మరిచిపోయారని దీనికి అర్థం చెప్పకూడదు. సరుకులు మానేసిన చేతులూ పాట పెట్టుకున్న చేతులూ చాలాచోట్ల ఒకరివే అయి ఉంటాయి. మనిషి లోపల అవి రెండూ ఉండగలవు. ఆ సంగతి నన్ను చాలా ఆలోచింపజేసింది.

2024 జూన్‌లో జరిగిందే చూడండి. కొరియా బృందం న్యూజీన్స్ టోక్యో డోమ్‌లో కచేరీ చేసింది. అందులో హనీ అనే అమ్మాయి, జపాన్ గాయని మత్సుదా సెయికో 1980లో పాడిన పాటను ఎత్తుకుంది. హనీ వియత్నాం మూలాలున్న కుటుంబంలో ఆస్ట్రేలియాలో పుట్టింది. కొరియాలో పాటలు నేర్చింది. తాను పుట్టకముందెప్పటిదో అయిన జపాన్ పాటను జపాన్ శ్రోతల ముందు పాడితే, ఆ వీడియో చూసి కొరియా పిల్లలు అసలు పాటను వెతుక్కుని విన్నారు. ఇక ఆ పాటకు ఊరు పేరేమని రాస్తాం?

ఇప్పుడు మా ఊరికి వస్తాను. మాది మురమళ్ళ. భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామి వారికి నిత్యకల్యాణం జరిగే ఊరు. పెళ్ళిళ్ళు కావలసినవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి స్వామికి కల్యాణం చేయిస్తారు. మా ఐ. పోలవరం మండలంలోనే ఎదుర్లంక ఉంది. అక్కడ బాలయోగి వారధి ఎక్కి గోదావరి పాయ దాటితే యానాం. అటూ తెలుగే, ఇటూ తెలుగే, కానీ యానాం మీద పెత్తనం వందల కిలోమీటర్ల దూరాన ఉన్న పుదుచ్చేరిది. ఒకప్పుడు ఫ్రెంచివారిది. పొరుగు భాష, పొరుగు దొరతనం అనే మాటలు మాకు పుస్తకాల్లో చదివితే తెలిసినవి కావు.

పెళ్ళి అన్నాక సన్నాయి ఉండాలి. సన్నాయి అన్నాక త్యాగరాజ కీర్తన ఉండాలి. ఆ త్యాగరాజస్వామి తెలుగువాడే, ఎక్కువగా తెలుగులోనే పాడాడు. కానీ 1767లో పుట్టింది తిరువారూరులో, 1847లో సిద్ధి పొందింది తిరువయ్యారులో. రెండూ తమిళ దేశం. తంజావూరును నాయకరాజులు ఏలిన నాటి నుంచి అక్కడ తెలుగు పాటకు నీడ దొరికింది. రాజ్యం మరాఠాల చేతికి పోయినా ఆ నీడ పోలేదు. చుట్టూ తమిళం మాట్లాడే ఊళ్ళో ఒక మనిషి తెలుగులో పాడుతుంటే, విని నేర్చుకుని నిలబెట్టిన శిష్యుల్లో తమిళులు ఎంతోమంది. తమిళ లిపిలో క కీ గ కీ ఒకటే అక్షరం. త కీ ద కీ ఒకటే. అందుకని వాళ్ళ కీర్తనల పుస్తకాల్లో అక్షరం పక్కన చిన్న అంకెలు వేసి, ఇక్కడ ఏ హల్లు పలకాలో గుర్తు పెట్టుకుంటారు. తమది కాని భాషలోని పాట కోసం లిపికే అంకెలు తగిలించుకున్నారు! కచేరీల్లో వాళ్ళ తెలుగు ఉచ్చారణ విని తప్పులు పట్టేవాళ్ళు మనలో ఉన్నారు. నేను వాళ్ళ పక్షం కాదు. ఆ అంకెలు చూసినప్పుడల్లా నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

అయితే అక్కడ కూడా ఒక రోజు తగువు వచ్చింది. తమిళ సభల్లో తమిళ పాటకు చోటేదీ అని అడిగారు. రాజా అన్నామలై చెట్టియార్ గారు ముందుండి 1941లో చిదంబరంలోని అన్నామలై విశ్వవిద్యాలయంలో సభ జరిపించారు. 1943లో మద్రాసులో తమిళ్ ఇసై సంఘం వెలిసింది. రాజాజీ, రచయిత కల్కి కృష్ణమూర్తి వెనుక నిలిచారు. సంగీతానికి భాష హద్దు పెట్టకూడదని మరికొందరు ఎదురు నిలిచారు. అదే కాలంలో ఆంధ్రోద్యమం వేడెక్కి, మద్రాసు ఎవరిదన్న పోరు ముదిరి, 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు గారు ప్రాణం విడిచారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మద్రాసు మనకు రాలేదు. ఇది కొరియా జపాన్ల మధ్య జరిగినదానికి సాటి వచ్చేది కాదు. అది ఒకరు మరొకరిని తొక్కిపెట్టిన కథ. మనది అన్నదమ్ముల పంపకాల్లో వచ్చిన మనస్పర్థ. కానీ పంపకాల మనస్పర్థలు కూడా తరాల దాకా లాగుతాయని కోనసీమలో ఎవరికి తెలియదు?

తమిళ్ ఇసై ఉద్యమాన్ని నేను తప్పు పట్టను. తల్లిభాషలో పాట వినాలనుకోవడం న్యాయమైన కోరిక. ఆ కోరిక ఎలా తీరిందో చూడండి. పాపనాశం శివన్, పెరియసామి తూరన్ వంటివారి కొత్త కృతులు సభలకెక్కాయి. పాతకాలపు ముత్తుత్తాండవర్, అరుణాచల కవి పాటలను వెతికి తీసి పాడారు. త్యాగరాజును మాత్రం ఎవరూ బయటికి పంపలేదు. ఈనాటికీ పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారులో కావేరి ఒడ్డున వందలమంది గొంతు కలిపి పంచరత్నాలు పాడతారు. ఆ అయిదింట్లో నాలుగు తెలుగువి. పాడేవారిలో ఎక్కువమంది ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు కారు.

ఆ ఉద్యమం వేడి ఇంకా పూర్తిగా చల్లారని రోజుల్లోనే మన మనుషులు అటు వెళ్ళారు. మన రాజోలు సీమలో, శంకరగుప్తంలో, 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి సంగతి మీకు తెలుసు. ఆయనకు విద్య వచ్చింది పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర, అంటే తంజావూరు నుంచి కృష్ణాతీరానికి వచ్చిన త్యాగరాజ శిష్యపరంపర నుంచి. అక్కడి నుంచి వచ్చిన విద్యను ఆయన మళ్ళీ అక్కడికే తీసుకుపోయి మద్రాసులో స్థిరపడ్డారు. 1965లో వచ్చిన తిరువిళైయాడల్ అనే తమిళ సినిమాలో, మదురై పాండ్యరాజు కొలువుకు పై దేశం నుంచి వచ్చి సవాలు విసిరే ఒక భాగవతార్ ఉంటాడు. ఆ పాత్రకు పాట పాడింది మన బాలమురళి. పై నుంచి వచ్చినవాడి పాత్రకు గొంతు ఇచ్చింది నిజంగానే పై నుంచి వెళ్ళినవాడు. పాట మాత్రం తమిళులు ఇన్నేళ్ళుగా తమదిగా చెప్పుకునే పాట అయింది.

కాకినాడలో పుట్టిన పి.బి. శ్రీనివాస్ గారు మరొకరు. తమిళులకు జెమినీ గణేశన్ గొంతు ఆయనే, కన్నడిగులకు రాజ్‌కుమార్ గొంతు ఆయనే. విజయనగరం నుంచి వెళ్ళిన పి. సుశీల గారికి నేపథ్యగానానికి జాతీయ పురస్కారం తొలిసారి తెచ్చిపెట్టింది తమిళ పాట. గుంటూరు సీమ నుంచి వెళ్ళిన ఎస్. జానకి గారికీ అంతే. సన్నాయినే తీసుకోండి. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారు నాచ్చియార్‌కోయిల్ విద్వాంసుల దగ్గర తంజావూరు బాణీ నేర్చి, శ్రీరంగంలో ఇల్లు కట్టుకుని, రంగనాథుడి ఊళ్ళో నాదస్వరం వాయించారు. తెలుగువాడు, ముస్లిం, తమిళ బాణీ, వైష్ణవ క్షేత్రం. ఆయన ఊదితే ఇవేవీ అడ్డు రాలేదు. 1977లో దేశం పద్మశ్రీ ఇచ్చింది.

మరి అటు పాట ఇటు వచ్చినప్పుడు మనం ఏం చేశాం? దీని గురించి కొంచెం నిదానంగా చెప్పాలి.

మనం నిషేధించలేదు. డబ్బింగు చేసుకున్నాం. 1950లో ఒక హిందీ సినిమా ఆహుతి అనే పేరుతో తెలుగులోకి వస్తే, దానికి మాటలు, పాటలు రాసింది శ్రీశ్రీ గారు. మహాప్రస్థానం రాసిన చెయ్యి ఎవరో కదిపిన పెదవులకు తెలుగు మాటలు అతికించింది. అది చాలా కష్టమైన పని. తెర మీది మనిషి పెదవులు మూసుకున్నచోట ప, బ, మ లాంటి అక్షరం పడాలి. నోరు తెరిచి రాగం తీసినచోట దీర్ఘం పడాలి. బాణీ మారకూడదు, తెలుగు తెలుగులా ఉండాలి. శ్రీశ్రీ తర్వాత అనిసెట్టి, రాజశ్రీ, వెన్నెలకంటి వంటివారు ఈ కష్టం పడ్డారు. 1992లో రోజా వచ్చినప్పుడు రెహమాన్ అనే కొత్త కుర్రవాడి బాణీలకు తెలుగు మాటలు ఇచ్చింది రాజశ్రీ గారే. పెళ్ళిళ్ళకు కట్టిన మైకు సెట్టుల్లో ఆ పాటలు మోగుతుంటే, అవి వేరే భాషలో పుట్టాయని మా ఊళ్ళో ఎవరికీ తట్టలేదు. అంతకన్నా గొప్ప మెప్పు ఏ రచయితకు దొరుకుతుంది? డబ్బింగు రచయితలకు మన సాహిత్య చరిత్రల్లో దక్కిన చోటు చాలా తక్కువ. ఇంకెంతో దక్కాలి.

కానీ ఆ పనిలో ఒక నష్టమూ ఉంది. పాట మనదైపోయింది గాని, పాట వెనుక ఉన్న మనిషి మనకు పరిచయం కాలేదు. వైరముత్తు అనే కవి పేరు, తేని జిల్లాలోని ఆయన పల్లె, అక్కడి ఎండ, అక్కడి మాట, ఇవేవీ మన దాకా రాలేదు. ఇళయరాజా బాణీలు మన ఇళ్ళలో దశాబ్దాలుగా ఉన్నాయి. ఆయన పుట్టిన పన్నైపురం నేల పాట ఎలా ఉంటుందో మనలో ఎంతమంది విన్నాం?

తమిళులు మన పాటను ఇంకో రకంగా కూడా విన్నారు. 1978లో బాలచందర్ గారు మరోచరిత్ర తెలుగులో తీస్తే, దాన్ని తమిళంలోకి మార్చకుండానే మద్రాసులో ఏడాదికి పైగా ఆడించారు. ఆత్రేయ గారి తెలుగు పాటలను తమిళ కుర్రకారు తెలుగులోనే నేర్చుకున్నారు. 1980లో శంకరాభరణం వస్తే తమిళనాట, కేరళలో దాని పాటలను తెలుగులోనే విన్నారు. ఆ సినిమాకు సంగీతం ఇచ్చిన కె.వి. మహదేవన్ గారు తమిళ దేశంవారు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారితో పాటు జాతీయ పురస్కారం అందుకున్న వాణీ జయరాం గారు వేలూరులో పుట్టిన తమిళ ఆడపడుచు. అన్నమయ్య విషయంలోనూ ఇదే జరిగింది. రాగిరేకుల్లో నిద్రపోయిన పాటలను వేటూరి ప్రభాకరశాస్త్రి గారు, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు లేపితే, తిరుమల తిరుపతి దేవస్థానం వారి కోసం వాటిని పాడి తెలుగు ఇంటింటికీ చేర్చినవారిలో ముందు చెప్పుకోవలసింది మదురై ఆడపడుచు ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారిని. మన పాటను వాళ్ళు మన భాషలో మోశారు. వాళ్ళ పాటను వాళ్ళ భాషలో మనం ఎంత మోశాం?

పెద్దవాళ్ళం చెయ్యని పని ఇప్పుడు పిల్లలు చేస్తున్నారు. 2011 చివర్లో ధనుష్ పాడిన కొలవెరి పాటతో నాకు ఇది తెలిసింది. తర్వాత 2015లో ప్రేమమ్ అనే మలయాళ సినిమా వచ్చింది. ఇంకా తెలుగులో తియ్యకముందే మన కాలేజీ పిల్లలు అందులో మలర్ టీచర్ పాటను మలయాళంలోనే పాడుకున్నారు. మరుసటి ఏడాది తెలుగు ప్రేమమ్ వచ్చి, అదే బాణీకి తెలుగు మాటలు పెడితే, ఆ పిల్లలు రెండూ పక్కపక్కన పెట్టి విన్నారు. ఇప్పుడు తమిళ సంగీత దర్శకుడు అనిరుధ్ పాట విడుదలైన రోజే తమిళంలో వింటారు, తెలుగుది తర్వాత వింటారు. అమలాపురం బస్సులో పక్కన కూర్చున్న పిల్లవాడి ఫోనులో తమిళం వినబడితే నేను అడుగుతాను, అర్థమవుతుందా బాబూ అని. కొంచెం అండి, మిగతాది వెతుక్కుంటానండి అంటాడు. ఆ వెతుక్కోవడమే నాకు నచ్చింది. కొరియా పిల్లలు చేస్తున్నదీ అదే. పాట ముందు చెవిలో పడుతుంది, తర్వాత అర్థం కోసం వాళ్ళే బయలుదేరతారు.

మా సీమకు ఇంకో దారి కూడా ఉంది. కోనసీమ నుంచి కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్ళినవాళ్ళు లేని వీధి ఉండదు. అక్కడ ఒకే గదిలో మలయాళీ, తమిళుడు, మనవాడు కలిసి ఉంటారు. ఇళ్ళల్లో పనిచేసే మన ఆడవాళ్ళు అరబ్బు పిల్లలకు జోల పాడి, వాళ్ళ జోలపాటలు నేర్చుకుని వస్తారు. తిరిగి వచ్చినవాళ్ళు తెచ్చిన బంగారం గురించి అడుగుతాం. తెచ్చిన పాట గురించి ఎవరూ అడగరు.

తెలుగు పిల్లలకు తెలుగే సరిగా రావడం లేదు, మళ్ళీ తమిళం, మలయాళం ఎందుకని అడిగేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ బాధ నాకు తెలుసు, నాకూ ఉంది. దానికి జవాబు తమిళ్ ఇసై వాళ్ళ పనిలోనే ఉందని నా నమ్మకం. సొంత పాటను సభకు ఎక్కించాలి, కొత్తవి రాయించాలి, పాతవి వెతికి తియ్యాలి. పొరుగు పాటకు తలుపు వేయడం వల్లే సొంత పాట పెరగదని కొరియా యాభై ఏళ్ళకు పైగా చూసి తెలుసుకుంది. ఆ కట్టడి ఉన్నప్పుడూ, పోయాక కూడా కొరియా పాట తన కాళ్ళ మీద తాను ఎదిగి, ఇవాళ ప్రపంచమంతా తిరుగుతోంది. మన పాటా తిరుగుతోంది. 2023 మార్చిలో కీరవాణి గారు, చంద్రబోస్ గారు ఆస్కార్ అందుకున్న పాట అచ్చ తెలుగు మాటలతోనే అంత దూరం వెళ్ళింది. 2024 జనవరిలో జపాన్‌లో తకరాజుకా అనే ప్రసిద్ధ స్త్రీల నాటక బృందం, ఆ పాట ఉన్న ఆర్.ఆర్.ఆర్. సినిమా కథను రంగస్థలం మీద ఆడింది. జపాన్ ఆడపిల్లలు రామరాజుగా, భీమ్‌గా మీసాలు దిద్దుకుని నిలబడ్డారు. మన పాటను జపాన్ వాళ్ళు అంత ఆదరంగా అందుకుంటే సంతోషించాం కదా. ఆ ఆదరాన్నే మనం చెన్నపట్నానికీ, కొచ్చికీ, మైసూరుకీ చూపించాలి.

అందుకని ఈ మైకు ముందు కూర్చుని రేడియో వారికే ఒక విన్నపం చేస్తున్నాను. వారానికి అరగంట పొరుగు పాటకు ఇవ్వండి. తర్జుమా చెయ్యకండి, డబ్బింగు పాట పెట్టకండి. పాటకు ముందు ఎవరు రాశారు, ఏ ఊరివారు, పాట దేని గురించి అని నాలుగు ముక్కలు తెలుగులో చెప్పి, ఆ పాటను ఆ భాషలోనే వినిపించండి. చెప్పడానికి పండితులు అక్కర్లేదు. గల్ఫు గదుల్లో మలయాళం నేర్చుకున్న మా కోనసీమ అన్నయ్యలు ఉన్నారు. చెన్నైలో ఇన్నేళ్ళూ ఉద్యోగం చేసి, ఇప్పుడు కొబ్బరితోట చూసుకుంటూ తమిళ పత్రిక తెప్పించుకునేవాళ్ళు ఉన్నారు. పుదుచ్చేరిలో చదువుకొని వచ్చిన యానాం పిల్లలు ఉన్నారు. వాళ్ళని పిలవండి. పాపనాశం శివన్ కృతి ఒక వారం, పన్నైపురం పాట ఒక వారం, శ్రీనివాస్ గారు రాజ్‌కుమార్‌కు పాడిన కన్నడ పాట ఒక వారం, కువైట్ నుంచి వచ్చిన మా వదినగారి నోట అరబ్బు జోలపాట ఒక వారం. మొదటి వారం మాత్రం శంకరగుప్తంలో పుట్టిన బాలమురళి గారు 1965లో తమిళంలో పాడిన ఆ భాగవతార్ పాట పెట్టండి.